అరబ్బీ నేర్వవచ్చి అరబ్బులకే పాఠం చెప్పిన ఇమామ్ సీబవైహ్ (రహ్మ)

మన మదర్సాలలో నాలుగైదేళ్ళు చదివిన ఏ విద్యార్థినైనా అరబ్బీ వ్యాకరణానికి ఇమామ్ ఎవరని అడిగితే తడుముకోకుండా సీబవైహ్ పేరు చెబుతాడు. ఆ సీబవైహ్ అరబ్బు కాదనీ, పర్షియా నుంచి చదువు కోసం వచ్చినవారనీ, ఒక మాట పలకడంలో పొరపాటు పడి పదిమందిలో తలవంచుకున్నవారనీ చెబితే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు మాట్లాడుతూ మక్తబ్‌లో అలిఫ్, బే దిద్దుకుంటున్న పిల్లలు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వారికీ, వారికి పాఠం చెప్పే ఉస్తాదులకూ ఈ మహనీయుని జీవితం చాలా దగ్గరి విషయం.

ఆయన అసలు పేరు అమ్ర్. తండ్రి ఉస్మాన్, తాత ఖంబర్. అబూ బిష్ర్ అని కూడా పిలిచేవారు. షీరాజ్ నగరం దగ్గర బైదా అనే ఊళ్ళో క్రీ.శ. 760 ప్రాంతంలో జన్మించారు. బనూ హారిస్ అనే అరబ్బు తెగ అండన చేరిన అరబేతర కుటుంబం వారిది. అలాంటివారిని ఆ రోజుల్లో మవాలీలు అనేవారు. సీబవైహ్ అన్నది పర్షియన్ ముద్దుపేరు. అందులో ఉన్నది ఉర్దూలో మనం సేబ్ అనే పండే. ఆపిల్ వాసన అని కొందరు దానికి అర్థం చెప్పారు. ఆపిల్ పండ్లలాంటి ఎర్రని బుగ్గలున్నందున ఆ పేరు వచ్చిందని ఇంకొందరన్నారు. తల్లి ముద్దుగా పిలిచిన ఆ పేరే పన్నెండు వందల ఏళ్ళ తరువాత కూడా ప్రపంచం నాలుక మీద నిలిచింది. అమ్ర్ బిన్ ఉస్మాన్ అంటే ఎవరికీ తెలియదు.

చిన్న వయసులోనే ఆయన బస్రా చేరారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సైనిక శిబిరంగా మొదలైన ఆ ఊరు అప్పటికి పెద్ద రేవు పట్నమైంది. అరబ్బులు, పర్షియన్లు, సింధు దేశం నుంచి వచ్చినవారు అక్కడ కలసి బతికేవారు. ఊరి అంచున మిర్బద్ అనే సంత ఉండేది. ఎడారి నుంచి ఒంటెలు తోలుకొచ్చే బదూలు అక్కడ దిగేవారు. కవులు అక్కడే కవిత్వం వినిపించేవారు. భాషా పండితులు కలం, కాగితం పట్టుకుని వారి చుట్టూ తిరిగేవారు.

అరబ్బీకి వ్యాకరణం అవసరం ఎందుకు కలిగిందో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. అరబ్బీలో పదం చివర జబర్, జేర్, పేష్ మారితే అర్థం మారిపోతుంది. తౌబా సూరా 3వ ఆయతులో రసూల్ అనే పదం చివర పేష్ ఉండాలి. ఒకడు అక్కడ జేర్ పెట్టి చదివాడట. బహుదైవారాధకులతో అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకూ సంబంధం లేదన్న మాట కాస్తా, ప్రవక్తతోనే సంబంధం లేదన్న ఘోరమైన అర్థానికి తిరిగింది. చదివినవాడికి ఆ సంగతే తెలియదు. కొత్తగా ఇస్లాం స్వీకరించిన అరబేతరుల నోట ఇలాంటివి వినబడుతుంటే పెద్దలు కలవరపడ్డారు. బస్రాకే చెందిన అబుల్ అస్వద్ దువలీ (మరణం హి. 69) ముస్‌హఫ్‌లో పదాల చివర వేరే రంగు సిరాతో చుక్కలు పెట్టించారు. జబర్‌కు అక్షరం పైన, జేర్‌కు కింద, పేష్‌కు పక్కన. అంటే అరబ్బీ బోధనలో తొలి ఉపాయం అరబ్బీ రానివారిని దృష్టిలో పెట్టుకుని పుట్టిందే.

ఒక్క పదం దగ్గర ఆగిన చదువు

సీబవైహ్ బస్రాకు వచ్చింది వ్యాకరణం కోసం కాదు. హదీసు, ఫిఖహ్ చదవాలని వచ్చారు. హమ్మాద్ బిన్ సలమా (రహ్మ) అనే గొప్ప హదీసువేత్త దగ్గర కూర్చుని, ఆయన చెబుతుంటే రాసుకునేవారు. ఒకనాడు హమ్మాద్ వినిపించిన ఒక హదీసులో అబుద్దర్దా (రజి) తప్ప అన్న భావం గల మాట వచ్చింది. అక్కడ 'లైస' అనే పదం ఉంది. దాని తరువాత 'అబా' అని ఉస్తాదు చదివారు. కుర్రవాడైన సీబవైహ్‌కు అది తప్పుగా తోచింది. 'అబూ' అని సవరించి చదివారు. హమ్మాద్ వెంటనే ఆపి, నీవే పొరబడ్డావని, ఇక్కడ 'లైస'కు కాదు అని కాక తప్ప అని అర్థమని చెప్పారు.

అరబ్బీ చదవని పాఠకులకు ఇది ఒక ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. దైవప్రవక్త (స) పినతండ్రి (బడే అబ్బా అందామా, చచ్చా అందామా, అది వేరే సంగతి) పేరు అబూ తాలిబ్. కానీ ఆయన కుమారుణ్ణి మనం అలీ ఇబ్నె అబీ తాలిబ్ (రజి) అంటాం. అబూ కాస్తా అబీ ఎందుకయింది? తెలుగులో తండ్రి, తండ్రిని, తండ్రికి అన్నప్పుడు మాట చివర ఎలా మారుతుందో అరబ్బీలోనూ అలాగే అబూ, అబా, అబీ అని మారుతుంది. తరగతిలో మేము ఏరాబ్ పాఠం ఈ రెండు పేర్లతోనే మొదలుపెడతాం. తెలుగులో విభక్తులు చదువుకున్న పిల్లవాడు దీన్ని ఒక్క రోజులో పట్టేస్తాడు. నిర్వచనంతో మొదలుపెడితే నెల పడుతుంది.

మళ్ళీ బస్రాకు వద్దాం. 'లైస' అంటే కాదు అనుకుంటే దాని తరువాత పేష్ రావాలి, కాబట్టి 'అబూ'. ఆ సూత్రం సీబవైహ్‌కు తెలుసు. తెలుసు గనుకే ఉస్తాదును సవరించబోయారు. తెలియనిదల్లా ఆ పదాన్ని అరబ్బులు మరోలా కూడా వాడతారన్న సంగతి. సూత్రం వచ్చి వాడుక రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు మరొకటి కనబడలేదు.

తల కొట్టేసినట్లయింది ఆ కుర్రవాడికి. ఇకపై ఎవరూ తన మాటలో తప్పు పట్టలేని విద్య నేర్చుకుంటానని అక్కడే నిశ్చయించుకున్నారట. హమ్మాద్ చేసిన పనిని కూడా గమనించాలి. తప్పును తప్పన్నారు, కారణం చెప్పారు, అంతటితో ఆగారు. పుట్టుకను ఎత్తిచూపలేదు, అజమీవి నీకెందుకీ అరబ్బీ అనలేదు. అలా అని ఉంటే ఆ కుర్రవాడు మూట సర్దుకుని షీరాజ్ వెళ్ళిపోయేవాడేమో.

రెల్లు గుడిసెలోని ఉస్తాద్

అప్పుడు బస్రాలో ఖలీల్ బిన్ అహ్మద్ ఫరాహీదీ (రహ్మ) ఉండేవారు. ఒమాన్ ప్రాంతంలో పుట్టిన అజ్ద్ తెగ అరబ్బు. రెల్లుతో కట్టిన గుడిసెలో నివాసం. అహ్వాజ్ పాలకుడు తన బిడ్డలకు చదువు చెప్పడానికి రమ్మని మనిషిని పంపితే, ఆ దూతకు ఎండు రొట్టె చూపించి, ఇది దొరుకుతున్నంతకాలం నాకు మీ దొరతో పనిలేదని తిప్పి పంపేశారు. ఆయన శిష్యులు మాత్రం ఆయన దగ్గర నేర్చిన విద్యతో ధనం బాగానే గడించారని చరిత్రకారులు రాశారు. అరబ్బీ కవిత్వానికి ఛందస్సు ఏర్పరచింది ఖలీలే. ఈనాడు మన ఖుర్‌ఆన్ ప్రతులలో కనిపించే జబర్, జేర్, పేష్ గుర్తులకు ఆ రూపం ఇచ్చిందీ, తష్దీద్ గుర్తును కల్పించిందీ ఆయనేనని చెబుతారు.

ఈ ఖలీల్ దగ్గరకు సీబవైహ్ వెళ్ళారు. ఆయన నడిచి వస్తుంటే చూసి, ఎన్నిసార్లు వచ్చినా విసుగు పుట్టించని అతిథి వస్తున్నాడు, రావయ్యా అని ఖలీల్ స్వాగతం పలికేవారట. మరెవరికీ ఆ మాట అనేవారు కాదట. శిష్యుడి పని ప్రశ్నలు అడగడం. ఇది ఎందుకిలా, అరబ్బులు ఇలా ఎందుకన్నారు, ఇలా అంటే కుదరదా, అని అడిగేవారు. ఖలీల్ జవాబు చెప్పేవారు. సీబవైహ్ గ్రంథంలో ఆయనను అడిగాను, ఆయన చెప్పారు అన్న ధోరణి అడుగడుగునా కనిపిస్తుంది. ఒక్క ఖలీల్ పేరిటే 500కు పైగా విషయాలున్నాయి. తరగతిలో ప్రశ్న అడిగే పిల్లవాణ్ణి తలతిక్కవాడుగా చూసే ఉస్తాదులు ఈ కాలంలోనూ ఉన్నారు. వారు ఆ రెల్లు గుడిసెను తలచుకోవాలి.

సీబవైహ్ నాలుకలో కొంచెం తడబాటు ఉండేదని ఆయనను చూసినవారు చెప్పారు. వాదనలో మాట ఆగిపోయేదట. రాసినప్పుడు మాత్రం కలం పరుగులు తీసేది. ఆ తడబాటును చూసి ఖలీల్ ఆయనను వెనక్కి నెట్టలేదు.

ఖలీల్ దగ్గర నేర్చిన వాటిలో మనకు నిత్యం పనికి వచ్చేది అక్షరాల ఉచ్చారణ. ఖలీల్ తన నిఘంటువును అలిఫ్, బే, తే క్రమంలో మొదలుపెట్టలేదు. గొంతు లోతు నుంచి వచ్చే 'ఐన్'తో మొదలుపెట్టి, నోటి లోపలి నుంచి బయటికి వస్తూ పెదవుల దగ్గర ముగించారు. అందుకే దానికి కితాబుల్ ఐన్ అని పేరు. ఏ అక్షరం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి ఆయన చేసిన పరీక్ష చాలా సులువు. ముందు అ అని నోరు తెరచి, ఆ వెంటనే కావలసిన అక్షరాన్ని సుకూన్‌తో పలకాలి. అబ్, అత్, అఖ్. గొంతు ఎక్కడ ఆగిందో అదే దాని మఖ్‌రజ్. మన ఖారీలు ఈనాటికీ పిల్లలకు ఇదే పద్ధతి చెబుతారు.

తెలుగు బడిలో చదివిన పిల్లలకు ఈ క్రమం కొత్త కాదు. మన అక్షరమాలలో క వర్గం గొంతు దగ్గర మొదలై, చ, ట, త దాటి ప వర్గంతో పెదవుల దగ్గరకు వస్తుంది. కంఠ్యాలు, తాలవ్యాలు, దంత్యాలు అని తెలుగు మాస్టారు చెప్పిన పాఠాన్ని గుర్తుచేస్తే చాలు, మఖ్‌రజ్ అంటే ఏమిటో వారికి విడమరచి చెప్పనక్కర లేదు. ఉర్దూ వచ్చిన ఇళ్ళవాళ్ళం మేము, మాకు అరబ్బీ సగం వచ్చినట్లే అనుకునేవారిని కూడా చూస్తుంటాం. ఉర్దూలో జాల్, జే, జాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు రాస్తాం, నాలుగింటినీ ఒకే జ గా పలుకుతాం. సే, సీన్, స్వాద్ సంగతీ అంతే. ఈ విషయంలో తెలుగు పిల్లవాడూ ఉర్దూ పిల్లవాడూ ఒకే మెట్టు మీద ఉన్నారు. ఖల్బ్ అంటే హృదయం, కల్బ్ అంటే కుక్క. ఈ తేడా నాలుకకు అలవాటు కావాలంటే చెవికి ముందు అలవాటు కావాలి.

సీబవైహ్ తన గ్రంథం చివరి భాగంలో అరబ్బీ అక్షరాలకు 16 మఖ్‌రజ్‌లు వివరించారు. జాద్ అక్షరానికి నాలుక పక్క అంచు దవడ పళ్ళకు తగలాలని ఆయన చెప్పిందే తజ్వీద్ పుస్తకాలలోకి వచ్చింది. ఈనాడు మన వీధి మసీదులో ఖారీ సాబ్ పిల్లవాడి చేత నాలుక ఎక్కడ పెట్టాలో చెప్పి జాద్ పలికిస్తుంటే, ఆ పాఠం వెనుక ఉన్నది ఆ పర్షియా విద్యార్థి చేసిన పరిశీలనే. పుట్టుకతో వచ్చిన భాషలో నాలుక ఎక్కడ తగులుతుందో ఎవరూ ఆలోచించరు. అరబ్బీ అరబేతరుల చెవిన పడిన ఊళ్ళోనే ఆ ఆలోచనకు ఇంత పదును వచ్చింది.

ముందుమాట లేని గ్రంథం

సీబవైహ్ రాసినది ఒకే ఒక గ్రంథం. దానికి పేరు లేదు, ముందుమాట లేదు, ముగింపు లేదు. పేరు పెట్టేలోపే ఆయన చనిపోయారంటారు. జనం దాన్ని అల్ కితాబ్, అంటే గ్రంథం అని ఊరుకున్నారు. బస్రాలో ఎవరైనా ఫలానావాడు గ్రంథం చదివాడంటే అది సీబవైహ్ గ్రంథమేనని తెలిసిపోయేదట. అందులో 400కు పైగా ఖుర్‌ఆన్ ఆయతులు, 1,000కి పైగా కవితా పంక్తులు ఆధారాలుగా ఉన్నాయి. పంక్తులకే కాదు, అరబ్బుల రోజువారీ మాటలకూ అందులో చోటుంది.

ఆయన పాఠం చెప్పే తీరు చూడండి. మాట తప్పా, ఒప్పా అని మాత్రమే చూడరు. వ్యాకరణం సరిగ్గా ఉన్నా అర్థం కుదరని మాట ఉంటుంది, రేపు వచ్చాను అన్నట్లు. వ్యాకరణం, అర్థం రెండూ కుదిరినా అబద్ధమైన మాట ఉంటుంది, కొండను మోశాను అన్నట్లు. పదాలు సరైనవే అయినా ఉండవలసిన చోట లేక వికారంగా వినిపించే మాట ఉంటుంది. ఇలా విడదీసి చూపిస్తారు. ఈ పాఠాన్ని పిల్లలకు చెప్పి చూడండి. నిన్న వస్తాను, రేపు వెళ్ళాను అంటూ వాళ్ళే నవ్వుతూ వాక్యాలు కట్టడం మొదలుపెడతారు. క్రియలో భూత, భవిష్యత్ కాలాల తేడా ఆ నవ్వులోనే వచ్చేస్తుంది.

మరో చోట క్రియ లేకుండా ఒక్క నామవాచకంతోనే మాట ఎలా పూర్తవుతుందో వివరించారు. నెలవంక కోసం జనం ఆకాశం వైపు చూస్తున్నారు. మీరు దూరంగా ఉన్నారు. ఉన్నట్లుండి తక్బీర్ వినిపించింది. మీరు నెలవంకను అని ఒక్క పదం అంటారు. చూశారు అన్న మాట నోటితో అననవసరం లేదు. కానీ ఆ పదం చివర జబర్ ఉంటుంది. అనని క్రియ అక్కడ దాగి ఉందని ఆ జబర్ చెబుతుంది. మన ఊళ్ళలో భుజాన సంచీ వేసుకుని బస్టాండు వైపు పోయేవాణ్ణి చూసి ఊరికా అంటాం, అంతే. వినేవాడికి ముందే తెలిసినదాన్ని చెప్పేవాడు వదిలేస్తాడు. ఈ చిన్న విషయాన్ని సూత్రంగా పట్టుకున్నవారు సీబవైహ్. రమజాన్ నెలవంక రోజున మేడ మీద పిల్లలకు ఈ పాఠం చెప్పవచ్చు, నల్లబల్ల అవసరం లేదు.

ఇప్పుడు మన మదర్సాల మాట. మీజాన్, నహ్వ్ మీర్ అనే తొలి పాఠ్య పుస్తకాలు పర్షియన్‌లో రాసినవి. పర్షియన్ మన పాలనా భాషగా, చదువుల భాషగా ఉన్న రోజుల్లో అది సబబే. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నదేమిటంటే, తెలుగు మాట్లాడే పిల్లవాడికి అరబ్బీ సూత్రాన్ని పర్షియన్‌లో చదివించి ఉర్దూలో వివరిస్తున్నారు. మూడు గోడలు దాటి వాడు అరబ్బీని చూడాలి. అందులోనూ మొదటి వాక్యం జైద్ అమ్ర్‌ను కొట్టాడు. (సీబవైహ్ అసలు పేరు అమ్రే. ఇన్ని వందల ఏళ్ళుగా ఆ పేరు గలవాడే తరగతుల్లో దెబ్బలు తింటున్నాడు.) ఆ తరువాత కాఫియా. ఇబ్న్ హాజిబ్ (మరణం క్రీ.శ. 1249) రాసిన ఆ గ్రంథం గొప్పదే, అయితే అది అరబ్బీ వచ్చినవారు సూత్రాలను గుర్తుంచుకోవడానికి కుదించి రాసినది. భాష రానివాడి చేతిలో పెడితే వ్యాఖ్యానానికి వ్యాఖ్యానం వెతుక్కుంటూ వయసు గడిచిపోతుంది. కాఫియా ఒప్పజెప్పగల విద్యార్థి మంచినీళ్ళు ఇవ్వమని అరబ్బీలో అడగలేకపోవడం మనమంతా చూసిందే.

ఈ మాట మేము కొత్తగా అనడం లేదు. ఇబ్న్ ఖల్దూన్ (మరణం క్రీ.శ. 1406) తన ముఖద్దిమాలో ఆరు వందల ఏళ్ళ క్రితమే స్పష్టంగా రాశారు. వ్యాకరణ సూత్రాలు తెలియడం వేరు, భాష వశం కావడం వేరు అన్నారు. కుట్టుపని ఎలా చేయాలో నోటితో చెప్పగలిగి, చేతికి సూది ఇస్తే కుట్టలేని మనిషితో సూత్రాలు మాత్రమే వచ్చినవాణ్ణి పోల్చారు. ఆయనే సీబవైహ్ గ్రంథాన్ని వేరుగా నిలబెట్టారు. అందులో సూత్రాలతో పాటు అరబ్బుల సామెతలు, కవిత్వం, మాటతీరు నిండి ఉన్నందువల్ల దాన్ని శ్రద్ధగా చదివినవాడికి సూత్రంతో బాటు భాష కూడా అబ్బుతుందని, తరువాతివారు రాసిన పొడి సూత్రాల పుస్తకాలలో ఆ లాభం లేదని రాశారు. సీబవైహ్ గ్రంథాన్నే పిల్లలకు పాఠంగా పెట్టమని మా ఉద్దేశం కాదు. అది సముద్రం. దాన్ని చదవాలని వచ్చినవారిని ముబర్రద్ అనే పండితుడు ఎప్పుడైనా సముద్రంలో ప్రయాణం చేశావా అని అడిగేవాడట. ఆయన పద్ధతి మాత్రం మక్తబ్‌కు కూడా పనికి వస్తుంది. ముందు మాట వినిపించాలి, ఆ తరువాత దానిలో దాగిన సూత్రాన్ని పిల్లవాడి చేతనే బయటికి తీయించాలి.

ఖలీల్ చనిపోయాక, సీబవైహ్ ఆయన విద్య గురించి వేయి ఆకుల పుస్తకం రాశాడని యూనుస్ బిన్ హబీబ్ అనే మరో ఉస్తాదుకు ఎవరో చెప్పారు. అంత విద్య ఖలీల్ దగ్గర ఎప్పుడు విన్నాడో చూద్దాం, పుస్తకం తెండి అన్నారాయన. తన పేరిట రాసిన మాటలన్నీ వెతికి చూసుకున్నారు. ఒక్కటీ కల్పించింది కాదు. నా విషయంలో నిజం చెప్పినవాడు ఖలీల్ విషయంలోనూ నిజమే చెప్పి ఉంటాడని ఒప్పుకున్నారు.

కందిరీగ ప్రశ్న

బస్రాలో పేరు గడించాక సీబవైహ్ బగ్దాద్ వెళ్ళారు. అది ఖలీఫా హారూన్ రషీద్ కాలం. మంత్రి యహ్యా బిన్ ఖాలిద్ బర్మకీ దర్బారులో ఆయనకూ, కూఫా పండితులకు పెద్ద అయిన కిసాయీకీ చర్చ ఏర్పాటైంది. కిసాయీ సామాన్యుడు కాదు. ప్రసిద్ధులైన ఏడుగురు ఖారీలలో ఒకరు, ఖలీఫా బిడ్డలకు గురువు. విచిత్రమేమంటే ఆయన కూడా పర్షియా మూలాలున్నవారే.

కిసాయీ రాకముందే ఆయన శిష్యులు ప్రశ్నలు మొదలుపెట్టారు. సీబవైహ్ జవాబు చెప్పడం, తప్పు అని వారు అనడం. మళ్ళీ చెప్పడం, మళ్ళీ తప్పు. చివరికి విసిగి, మీతో కాదు, మీ గురువుతోనే మాట్లాడతానన్నారు. కిసాయీ వచ్చి ఒక వాక్యం అడిగారు. తేలు కుట్టడం కందిరీగ కుట్టడం కంటే ఎక్కువ బాధ అనుకునేవాణ్ణి, తీరా చూస్తే అదీ ఇదీ ఒకటే. ఈ అర్థం గల వాక్యం చివర 'హువ హియ' అనాలా, 'హువ ఇయ్యాహా' అనాలా? మొదటిదే సరి, రెండోది కుదరదు అన్నారు సీబవైహ్. అరబ్బులు రెండూ అంటారన్నారు కిసాయీ. మంత్రికి ఎటూ తేలలేదు. తలుపు దగ్గర బదూ అరబ్బులు కొందరున్నారు, వారిని అడుగుదామన్నారు కిసాయీ. వారు లోపలికి వచ్చి కిసాయీ మాటే నిజమన్నారు. వారికి ముందే డబ్బు ముట్టిందని కొందరు, ఖలీఫా దగ్గర కిసాయీకున్న పలుకుబడికి జంకారని కొందరు రాశారు. ఆ వాక్యాన్ని నోటితో పలకమంటే వారి నాలుక తిరగలేదని, కిసాయీ చెప్పినట్లే అని మాత్రం అని ఊరుకున్నారని కూడా ఒక కథనం ఉంది.

మూసా (అలైహిస్సలాం) చేతికర్ర పామైన సందర్భంలో తాహా సూరాలో 'ఇజా' తరువాత వచ్చే సర్వనామం పేష్ స్థానంలోని రూపమే. సీబవైహ్ చెప్పిందీ ఆ పద్ధతే. తరువాతి వ్యాకరణవేత్తలలో ఎక్కువమంది ఆయన పక్షమే వహించారు. కానీ ఆ రోజు దర్బారులో నెగ్గింది కిసాయీ. మాట తడబడే మనిషి, పరాయి ఊరు, చుట్టూ ఎదుటి పక్షంవారు. నేర్పడానికి తప్పు పట్టిన హమ్మాద్ సభ వేరు, ఓడించడానికి తప్పు పట్టిన ఈ సభ వేరు. ఈ రెండు సభల తేడా తెలియనివాడు ఎంత విద్వాంసుడైనా పిల్లల ముందు కూర్చోవడానికి తగడని మా అభిప్రాయం.

మంత్రి ఆయనకు 10,000 దిర్హములు ఇప్పించారు. అది కూడా కిసాయీ సిఫారసు మీదేనంటారు. సీబవైహ్ బస్రా ముఖం చూడలేదు. తిన్నగా పర్షియా వెళ్ళిపోయారు. కొద్దికాలానికే జబ్బుపడ్డారు. అవసాన ఘడియలో తల తమ్ముడి ఒడిలో ఉండగా, అతడి కన్నీటి చుక్క ముఖం మీద పడితే కళ్ళు తెరచి చూశారట. హి. 180 (క్రీ.శ. 796) ప్రాంతంలో కన్నుమూశారు. నలభై ఏళ్ళు నిండాయో లేదో. షీరాజ్‌లో సంగె సియాహ్ అనే పాత పేటలో ఆయన సమాధి ఉంది.

బతికుండగా ఆయన తన గ్రంథాన్ని ఎవరికీ పూర్తిగా పాఠం చెప్పలేదు. ఆ గ్రంథం మనదాకా రావడానికి కారణం అఖ్‌ఫష్ అనే శిష్యుడు. వయసులో గురువు కంటే పెద్దవాడు. ఒక్కో అధ్యాయం రాసినప్పుడల్లా సీబవైహ్ ఆయనకు చూపించేవారు. గురువుకు జరిగిన పరాభవం విని అఖ్‌ఫష్ బగ్దాద్ వెళ్ళారు. తెల్లవారుజామున కిసాయీ వెనుక ఫజ్ర్ నమాజు చేసి, శిష్యులందరి ముందు ఆయనను వంద ప్రశ్నలు అడిగి, ఒక్కో జవాబునూ ఖండించారు. శిష్యులు మీదపడబోతే కిసాయీ వారించారు. మీరు అఖ్‌ఫష్ కదూ అని లేచి కౌగలించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. తన బిడ్డలకు చదువు చెప్పమని తన దగ్గరే ఉంచుకున్నారు.

కొంతకాలానికి కిసాయీ సీబవైహ్ గ్రంథాన్ని అఖ్‌ఫష్ దగ్గర రహస్యంగా చదువుకున్నారు. అందుకు 70 దీనార్లు ఇచ్చారని చెబుతారు. కిసాయీ శిష్యులలో అగ్రగణ్యుడు ఫర్రా చనిపోయినప్పుడు ఆయన తలగడ కింద ఆ గ్రంథంలోని కొన్ని భాగాలు దొరికాయి. ఫర్రా ఆస్తిలో నుంచి కొన్న ప్రతినే జాహిజ్ అనే ప్రసిద్ధ రచయిత, ఇంతకంటే విలువైనది మరేదీ తనకు తోచలేదంటూ, మంత్రి ఇబ్న్ జయ్యాత్‌కు కానుకగా తీసుకువెళ్ళాడు.